పట్టకారుతో ఫ్రెంచి పాఠం

పళ్ళ డాక్టరు గది. కుర్చీలో కొయ్యబారి కూర్చున్నావిడ ఫ్రెంచి పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన టీచరు. ఆవిడ దవడ మీదికి లైటు తిప్పుతున్న డాక్టరు ఒకప్పుడు ఆవిడ క్లాసులో ఆఖరి బెంచీ.

“...అది కాదు, ముందు నాకు మాటివ్వు. చెప్పకుండా పీకనని.”

“ఇచ్చాను కదా టీచర్.”

“ఇంకోసారి ఇవ్వు.”

“చెప్పకుండా పీకను. సరేనా? నోరు తెరవండి.”

“ఆగు, ఆగు. చేతిలో ఏంటది?”

“అద్దం.”

“ఆ చేతిలో కాదు, ఈ చేతిలో.”

“ఇదీ అద్దంలాంటిదే. తెరవండి.”

“నోరు మూసుకోరా, నోరు మూసుకోరా అని నిన్ను క్లాసులో సతాయించినందుకు ఇప్పుడు తెరవండి, తెరవండి అని కక్ష తీర్చుకుంటున్నావు.”

“పెదవి మొద్దుబారిందా?”

“నా పెదవి ఎక్కడుందో నాకే తెలీడం లేదు. ఒరేయ్, స్టవ్ మీద పాలు పెట్టి వచ్చాను.”

“పోయినసారీ పాలే. ఇంజెక్షన్ వేయించుకుని, మెడకి కట్టిన తువ్వాలుతో సహా వీధిలోకి పారిపోయారు. మా సిస్టర్ బస్టాపు దాకా మీ వెంటపడింది.”

“నిజంగానే పొంగాయి.”

“ఈసారి పారిపోతే చీము దవడంతా పాకుతుంది. నవ్వుతూ చెప్తున్నాను కానీ ఇది నవ్వులాట కాదు టీచర్.”

“భయంగా ఉందిరా.”

“తెలుసు.”

“తెలుసు అని ఊరుకుంటావేం? ఏదో ఒకటి మాట్లాడు. నా ధ్యాస మళ్ళించు.”

“ఫ్రెంచి అప్పజెప్పనా?”

“నువ్వా! నువ్వు ఫ్రెంచి మాట్లాడితే నాకు ఇంకో పన్ను కూడా సలుపుతుంది.”

“ప్లూ-క-పర్ఫే. పరీక్షలో మీరు నన్ను తప్పించిన పాఠం.”

“నేను తప్పించలేదు, నువ్వే తప్పావు. అదీ ఒక్క మార్కుతో.”

“ఆ ఒక్కటీ వేస్తే మీ సొమ్మేం పోయేది?”

“అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, మార్కు మీద కోపం నా పన్ను మీద చూపిస్తావా? సరే, కానీ. ఆ కాలం దేనికి వాడతాం, ముందు అది చెప్పు.”

“జరిగిపోయినదానికంటే ముందే జరిగిపోయినదానికి. నేను స్టాపుకి వెళ్ళేసరికి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. ఆ వెళ్ళిపోవడం ప్లూ-క-పర్ఫే.”

“ఫర్వాలేదే. బుర్రలో కాస్త గుజ్జు ఉంది.”

“ఇక మీరు నోరు తెరిచే ఉంచండి, నేను చెప్తాను. తప్పైతే చెయ్యెత్తండి. ముందు తినడం. జవె మాఁజే, త్యు అవె మాఁజే, ఇల్ అవె మాఁజే...”

“ఊఁ.”

“చూశారా, గడగడా వచ్చేస్తోంది. ఇప్పుడు వెళ్ళడం. పార్తీర్. జవె పార్తి...”

“ఊఁ! ఊఁ!”

“చెయ్యెత్తమన్నాను, తన్నమనలేదు. త్యు అవె పార్తి...”

“ఊఁఊఁఊఁ!”

“రెండు చేతులూ ఎత్తారు, అంటే రెండు తప్పులా? తల కదపకండి. ఇల్ అవె పార్తి. బుగ్గ కాస్త లాగినట్టుంటుంది, ఏం కాదు. నూజవియోఁ పార్తి...”

“ఊఁఁఁ!”

“కోపం వస్తోందా? రానివ్వండి, రానివ్వండి. ల దాఁ అవె సోర్తి. అంతే, అయిపోయింది అప్పజెప్పడం. ఇదిగో, ఈ దూది గట్టిగా కొరికి పట్టుకోండి. ఇప్పుడు తిట్టండి.”

“అవె ఏంట్రా, అవె! ఎతె! ఎతె! తినడానికైతే అవె, వెళ్ళడం, రావడం, పుట్టడం, పోవడం, బయటికి రావడం, వీటన్నిటికీ ఎతె అని గొంతు చించుకున్నాను కదరా! గోడకి చెప్పినా ఈపాటికి నేర్చుకునేది! ల దాఁ ఎతె సోర్తి!”

“ల దాఁ అంటే ఏంటి టీచర్?”

“పన్ను! అది కూడా నేనే చెప్పాలా?”

“సోర్తి అంటే?”

“బయటికి వచ్చేసిందని. పన్ను బయటికి వచ్చేసి... ఒరేయ్.”

“ఇదిగో, గిన్నెలో.”

“ఒరేయ్!”

“మాట తప్పలేదు. చెప్పాను కదా.”

“ముందు చెప్పాలి! పీకే ముందు!”

“ముందు చెబితే మీరీపాటికి బస్టాపులో ఉండేవారు.”

“ఇంత మోసమా! నొప్పి కూడా తెలీలేదు. నీ చెయ్యి మంచిదేరా, అది వేరే సంగతి. పన్ను వచ్చేసిందని నా మొహం మీదే చెప్తుంటే నేను...”

“మీరు తప్పు దిద్దారు.”

“అవునురా. అదే దిద్దాను.”

“అందుకే ధైర్యంగా చెప్పాను. తప్పు వినిపిస్తే మీకు ఇంక అసలు మాట వినపడదు.”

“అలా ఎవరన్నారు?”

“ఎవరూ అనలేదు. పరీక్షలో ప్లూ-క-పర్ఫేతో సొంతంగా ఒక వాక్యం రాయమన్నారు. రాశాను.”

“ఏం రాశావు?”

“నేను నిద్ర లేచేసరికి మా నాన్న వెళ్ళిపోయాడు అని.”

“మోఁ పేర్...”

“మోఁ పేర్ అవె పార్తి. మీరు అవె కొట్టేసి, పైన ఎర్రసిరాతో ఎతె అని రాశారు. చాలా అందంగా రాశారు. ఆ ఒక్క మార్కు అక్కడే పోయింది.”

“అది... పుస్తకంలోది కాదా?”

“సొంతంగా రాయమన్నారు కదా టీచర్.”

“ఎర్రసిరాతో... నేనా?”

“అయ్యో, అలా చూడకండి, నేనేదో సరదాకి... ఇప్పుడు కూడా అవె అనే అన్నాను. దిద్దరేం?”

“ఈ దూది తియ్యి.”

“ఇంకాసేపు ఉండాలి, రక్తం...”

“తియ్యమంటున్నానా! ఎక్కడికి వెళ్ళాడురా మీ నాన్న?”