ఆరో బోను వెచ్చదనం

మందులు పరీక్షించే ఎలుకల గదిలో, థర్మామీటరు చేతపట్టుకుని పరిశోధకుడు తనవైపు తిరిగేసరికి బోనులు కడిగే ఆవిడ తడిగుడ్డ తీసుకుని తుడిచిన బోనునే మళ్లీ తుడవసాగింది.

“పెద్దమ్మా, నొప్పి తగ్గే సూది వేశాక అన్ని బోనుల్లోనూ ఎలుకలు కదలకుండా చల్లబడ్డాయి. ఈ ఆరో బోనులోవి మాత్రం వెచ్చగా ఉన్నాయేం?”

“పుణ్యం చేసుకున్నాయేమో బాబూ.”

“వేళాకోళమా? బోనులో పరిచిన పొట్టు కింద వేడినీళ్ల సీసా దొరికింది.”

“నేనే పెట్టాను. కాళ్లు చాపేసి మంచుముక్కల్లా పడున్నాయి. చూడలేకపోయాను.”

“కొంప ముంచావు కదమ్మా! ఒక్కో బోనుకు ఒక్కో మోతాదు ఇచ్చి, ఎంత చల్లబడతాయో చూడడానికే కదా ఈ తంటా అంతా. పైవాళ్లకు తెలిస్తే నిన్ను ఇవాళే పంపించేస్తారు. వీటన్నిటినీ చంపి, కొత్తవాటితో మళ్లీ మొదలుపెట్టమంటారు.”

“అన్నిటినీనా?”

“అన్నిటినీ. పోనీ, నేను నోరు మూసుకుంటాను. ఆరో బోను మోతాదుకు ఒళ్లు చల్లబడలేదని రాసేస్తాను. నీ కూటికీ ఎసరు రాదు.”

ఆమె చేతిలోని గుడ్డను మెల్లగా పిండింది.

“రేపు ఆ మోతాదు ఎవరికిస్తారు బాబూ?”

“మనుషులకే.”

“ఆపరేషనయ్యాక మా ఆయనకీ ఇలాంటి సూదే వేశారు. కదలకుండా పడుకుంటే హాయిగా నిద్రపట్టిందనుకున్నాను. ఒళ్లు చల్లగా తగిలితే గాలి వల్లేననుకుని కిటికీ మూశాను. నర్సును పిలవలేదు. తెల్లారేసరికి ఆయన పోయాడు.”

అతను ఆరో బోను లెక్కల కాగితం ముందుకు లాక్కున్నాడు.

“ఉన్నది ఉన్నట్టు రాయండి బాబూ. నా పేరు కూడా వేయండి.”