దీవి బూర

రిహార్సల్ గదిలో నాలుగు డబుల్ బేస్ వాయిద్యాలూ ఆగిపోయాయి. వాయిస్తున్నవాళ్లలో ఒకడైన అన్న కమాను కింద పడేశాడు. అతని భార్య పుట్టి, చనిపోయిన దీవి గురించి ఆ సంగీతం కూర్చింది తమ్ముడే.

“ఈ మంద్ర స్వరం దగ్గర ‘ప్రశాంతంగా’ అని ఎందుకు రాశావురా?”

“దీవిలో పొద్దున్నే ఆ మోత విన్నానన్నయ్యా. సముద్రం ఊపిరి తీసుకుంటున్నట్టుంది.”

“నీ మొహం! అది బూర. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే పడవ కోసం ఊదుతారు.”

“నాకెవరూ చెప్పలేదు.”

“నాలుగు రోజులున్నావు, ఒక్కణ్ణి అడిగావా? మీ వదిన కోసం రెండు రోజులు ఊదాను. పడవ రాలేదు.”

“వదిన కోసమే రాశానన్నయ్యా. ఆ మాట కొట్టేస్తాను. రేపు కచేరీలో వాయించనని మాత్రం అనకు.”

“వాయిస్తాను. అక్కడ ‘పడవ వచ్చేదాకా’ అని రాయి. నీ జనం లేచి ఇళ్లకి పోయినా నేను ఆపను.”