అమృతరాజు దాచిన ఆఖరి డబ్బీ

స్టాంపా? ఉండాది లేమ్మా నాన్సీ, యాడికి పోతాది. బీరువాలో నా పెండ్లాం రామక్క చీరల కింద ఉండాది. నువ్వు ముందు కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దాని కాలు నా కాలు మాదిరే, ఎప్పుడు మడుస్తాదో దానికే తెలీదు. ఈ మంచం మీద కూర్చో. నీళ్ళు తాగు. కొండ దిగి నేరుగా మా ఇంటికే వచ్చినట్టుండావు, మొగమంతా కందిపోయుండాది. ఏమంటివి, దొరికిందా? మీ తాత దాచిన ఆఖరి డబ్బీ? పుస్తకం తెరిస్తే మీ అవ్వ ఇసబెల్లా గుర్తు ఉండాది, మీ నాయన రాయ్ గుర్తు ఉండాది, ఒక పేజీకి మాత్రం పైన కదిరప్ప అని నా పేరు రాసి కింద తెల్లగా వదిలిపెట్టినాడా. ఊ. అందుకని నా స్టాంపు ఇస్తే నువ్వే తీసుకుపోయి ఒత్తేసి వస్తానంటావు. మంచిదానివి. నా మోకాళ్ళు చూసి అంటా ఉండావు. ఇస్తానో ఇయ్యనో చెప్తాను, దానికి ముందు మీ తాత సంగతి ఒకటి వినల్ల నువ్వు. మీ ఇంట్లో ఎవరూ చెప్పుండరు. చెప్పుంటే నన్ను ఇంత ముద్దుగా తాతా అని పిలుస్తా లోపలికి వచ్చుండవు.

మీ తాత అమృతరాజు బంగారు మైన్‌లో లోపలి మనిషి. సొరంగం కూలకుండా దుంగలు నిలబెట్టే పని. నేను పైమనిషిని. టోకెన్ కిటికీ కాడ ఇరవై రెండేండ్లు కుర్చీ అరగదీసినాను. లోపలికి దిగే ప్రతి మనిషికీ నంబరేసిన ఇత్తడి బిళ్ళ ఒకటి. దిగేటప్పుడు తీసుకుంటాడు, పైకొచ్చినంక నా చేతికిస్తాడు, నేను ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెడతాను. బిళ్ళ రాలేదంటే మనిషి లోపలే ఉండాడు, వాణ్ణి వెతికేదానికి ఇంగ పదిమంది దిగల్ల. అందుకే ఒకరి బిళ్ళ ఇంకొకరి చేతి నుంచి తీసుకునేది లేదు. ఒకసారి చిక్కవెంకటప్ప అని ఒకాయప్ప, “కదిరప్పన్నా, నా తమ్ముడిది కూడా నేనే ఇస్తాను, వాడు స్నానానికి పోయినాడు” అన్నాడు. “తడి ఒంటితోనే రానీ” అన్నాను. వచ్చినాడు పాపం, సబ్బు నురగతో. అంత నిక్కచ్చి మనిషిని నేను. ఇతరుల విషయంలో.

మైన్ మూసేసినంక నేను ఈ బూదికోటకు వచ్చి రెండావుల్ని కట్టుకున్నాను. మీ తాత ఆండర్సన్‌పేటలోనే ఉండిపోయినాడు. పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని గోడల్ని తట్టి చూసేవాడంట, ఎప్పుడు కూలతాయో అని. మీ అవ్వ తల పట్టుకునింది. అప్పుడే తెల్లోళ్ళ సీమకు వెళ్ళిపోయిన మీ అవ్వ చిన్నాన్న కొడుకు ఒక జాబు రాసినాడు. అక్కడ ఆదివారం పూట సంసారాలు సంసారాలుగా కొండలెక్కుతారంట. ఎవడో యాడో ఒక డబ్బీ దాచి, దారి ఆనవాళ్ళు పొడుపుకథ మాదిరి రాసి పెడతాడంట. డబ్బీలో ఒక స్టాంపు, ఒక పుస్తకం. దొరికితే ఆ స్టాంపు మన పుస్తకంలో ఒత్తుకోవల్ల, మన స్టాంపు దాని పుస్తకంలో ఒత్తి తేదీ వేసి, మళ్ళీ ఉన్నచోటే దాచి రావల్ల. ఇంతే. దొరికిందేమన్నా ఇంటికి తెచ్చుకుంటారా అంటే అదీ లేదు. నేనన్నాను, “ఇదేం పనప్పా, వెతికేది, చూసేది, వదిలేసి వచ్చేది” అని. మీ తాత నవ్వినాడు. “మనం మైన్‌లో అన్నేండ్లు చేసింది అదే కదా కదిరప్పా, బంగారం మనింటికి తెచ్చుకున్నామా” అన్నాడు.

ఇంగ చూడాల ఆయప్పను. అరిగిపోయిన హవాయి చెప్పుల అడుగులు కోసి, బ్లేడుతో స్టాంపులు చెక్కేవాడు. తనకి మైన్ మీద తిరిగే పెద్ద చక్రం. మీ అవ్వకు టీ కెటిలు. మా రామక్కకు రాగికంకి, గింజ గింజా లెక్కపెట్టుకోవచ్చు. నేను సింహం కావల్ల అన్నాను. చెక్కిచ్చినాడు. ఒత్తి చూస్తే కొమ్ములొచ్చిన గుమ్మడికాయ. ఇదేంది రాజన్నా అంటే, “నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెక్కినాను, నాదేం తప్పులేదు” అన్నాడు. పాత టిఫిన్ డబ్బీలకు సైకిల్ ట్యూబు చుట్టి, నీళ్ళు పోకుండా కట్టి, ఈ కొండ మీదనే ఏడు దాచినాడు. ఆదివారం చర్చి కాగానే మీ వాళ్ళంతా బస్సెక్కి వచ్చేది. మీ అవ్వ కుస్కా, మా రామక్క సంగటి, చెనిక్కాయ ఊరుబిండి. బండల మీద కూర్చుని తిని వెతికేది. రాయ్‌కి పెళ్ళి కాకముందు మాట. ఆడోళ్ళకే ముందు దొరికేవి. మేము దిక్కులు చూసి అడుగులు లెక్కపెడతా ఉంటే, వాళ్ళు, “మీ మాదిరి మనిషి యాడ దాస్తాడు” అని ఆలోచించి నేరుగా పోయి చెయ్యి పెట్టేవాళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి. ఒక శనివారం. డాక్టరు నాకు మాంసం మానమన్నాడు, నడక చెయ్యమన్నాడు. మాలూరులో నా మేనల్లుడు నాగేశ్ ఇంట్లో మటన్ బిర్యానీ. చెప్పు, నేనేం చేసుండల్ల? రామక్కతో, “కొండెక్కి డబ్బీ చూసి వస్తాను” అని బయల్దేరినాను. మరుసటి దినం అందరూ పైకి పోయి పుస్తకం తెరిస్తే నా గుర్తు కనపడల్ల కదా. కొండ మొదట్లో గొర్రెలు తోలుకుపోతా హనుమప్ప కనిపించినాడు. స్టాంపు వాడి చేతిలో పెట్టి, “పైన గుండురాయి కింద డబ్బీ ఉండాది, ఇది ఒత్తి, ఈ దినం తేదీ వేసి రా నాయనా” అన్నాను. ఇరవై రెండేండ్లు కిటికీ కాడ కూర్చున్న మనిషిని, నేను, నా బిళ్ళను ఇంకొకడి చేతికిచ్చినాను. బస్సెక్కినాను. బిర్యానీ బాగుండె, అబద్ధం చెప్పకూడదు. రెండోసారి కూడా పెట్టించుకున్నాను.

మధ్యాహ్నం ఉరుములు, మెరుపులు, కొండ కనపడనంత వాన. హనుమప్ప చెప్పినట్టు ఒత్తేసి, వానకు ముందే గొర్రెల్ని తోలుకుని అవతలి పక్కకు దిగి వాళ్ళత్తగారి ఊరికి పోయినాడు. మీ తాత ఆ దినం ఒంటరిగా వచ్చినాడు మా ఇంటికి, కొత్త డబ్బీ దాచేదానికి. రామక్క, “కొండెక్కినాడన్నా, ఇంగా దిగలేదు” అనింది. నాలుగైనా నేను రాలేదు. ఆయప్ప గోనెసంచి తలకేసుకుని ఎక్కినాడు. డబ్బీ తెరిచినాడు. గుమ్మడికాయ ఉండాది, ఆ దినం తేదీ ఉండాది. ఇంగ ఆయప్పకు వేరే ఆలోచన యాడొస్తాదమ్మా. బిళ్ళ లోపలుండాది, మనిషి బయటికి రాలేదు. అంతే. గుండు గుండుకూ పోయి కదిరప్పా, కదిరప్పా అని పిలిచినాడంట. ప్రతి సందులో చెయ్యి పెట్టి చూసినాడంట. పాచిబండ మీద కాలు జారింది. రామక్క వెనకాలే పంపించిన ఊరోళ్ళకు అక్కడ పడి కనిపించినాడు.

నేను ఆరున్నరకు మాలూరు బస్సు దిగినాను, నోట్లో ఆకూవక్కా. ఎదురుగా ఊరోళ్ళు మంచం మీద మీ తాతను మోసుకొస్తా ఉండారు. కాలు మడమ కాడ పక్కకు తిరిగిపోయుండాది. వెనక రామక్క ఏడుస్తా. ఆమె నా దగ్గరికొచ్చి ఏడుపు ఆపి, ఒకసారి వాసన చూసింది. ఆమె అన్న మాటలు నీకు వద్దులే. మీ తాత మాత్రం తల ఎత్తి నన్ను చూసి, “వచ్చినావా” అన్నాడు. తర్వాత మోసేవాళ్ళతో, “పైన ఇంగా ఇద్దరు వెతకతా ఉండారు, వాళ్ళని దిగమనండప్పా, మనిషి బయటే ఉండాడు” అన్నాడు. అంతే. తిట్టుంటే బాగుండు. ఆ తర్వాత బతికిన ఆరేండ్లలో ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. కట్టుతీసినంక పుస్తకం తెప్పించుకున్నాడు. ఆ పేజీ చించేస్తాడనుకున్నాను. చించలేదు. నా గుమ్మడికాయ పక్కన ఎర్ర పెన్సిల్‌తో ఒక టిక్కు పెట్టి, మూసి, “దీన్ని ఉన్నచోటే పెట్టి రావల్ల” అని రాయ్ చేతికిచ్చినాడు. ఆ టిక్కు నేను పెట్టేదే. అచ్చం నా మాదిరే తోక ఎగరేసి పెట్టినాడు.

అప్పట్నించి నేను కొండెక్కలేదు. మోకాళ్ళు అంటాను అందరితో. అప్పుడు మోకాళ్ళు బాగానే ఉండె.

ఏమి? ఆ డబ్బీ యాడ దొరికిందంటివి? పైన గుండు కాడ కాదా? మొదటి మెట్ల కాడనా. ముప్పై మెట్లు కూడా ఉండవా. మెట్ల పక్క గోడ మలుపులో, ఇటికల సందులో. ఊ. కుంటికాలుతో అంతవరకే ఎక్కగలిగినాడు.

ఎక్కగలిగినంత ఎక్కి, నాకు పేజీ వదిలినాడు.

లేదమ్మా. స్టాంపు నీకియ్యను. గోడకానించిన ఆ కట్టె అందుకో. చెప్పులు ఆ మంచం కిందుంటాయి. రామక్కా, ఓ రామక్కా, బీరువా తాళం యాడ పెట్టినావు? కొండకు పోతా ఉండాను. నమ్మకుంటే నువ్వూ రా.