దూరపు మైకు: శ్రీ వెంకటరామప్ప గారి ముప్పై మూడేళ్ళ సేవ

1991 ఆగస్టు 12, సోమవారం అని రాసి ఆగిపోయాను. ఒక మనిషి ఉద్యోగంలో చేరిన తేదీ సర్వీసు పుస్తకానికి తెలిసినంత నిశ్చయంగా పక్క గదిలో కూర్చునే సహోద్యోగికి తెలియదు. 2001లో నేను పట్టికల విభాగంలో చేరేటప్పటికే ఆయన ఇక్కడ ఉన్నారు. గదికి గోడలున్నట్టు ఉన్నారు, ఎప్పుడు వచ్చారని అడగాలనిపించలేదు. ఆ సోమవారం శ్రీ వెంకటరామప్ప గారు చింతామణి తాలూకా కెంచార్లహళ్ళి నుంచి బస్సులో వచ్చి, చిక్కబళ్ళాపురంలోని మన వాద్య ధ్వని సంగ్రహ కేంద్రంలో ధ్వని సహాయకులుగా చేరారు. ఈ నెల 31న ప్రధాన రికార్డిస్టుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సంచికకు వ్యాసం రాయమని మన అధికారిణి అర్పిత గారు అడిగినప్పుడు, సరే అనడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. ఆ సంకోచానికి కారణమూ ఇందులోనే చెప్పవలసి ఉంది.

తొలి సంవత్సరాలలో వారికి అప్పగించిన స్పూల్ టేపు యంత్రం ఒక పసిబిడ్డ కంటె బరువైనది. దానిని ఒళ్ళో పెట్టుకుని, కంబళిలో చుట్టిన మైకులను భుజానికి తగిలించుకుని బాగేపల్లి బస్సు ఎక్కితే, ఒక కండక్టరు ఆ యంత్రానికి అర టికెట్టు ఇచ్చాడట. ఆ టికెట్టు ముక్కను వారు చాలాకాలం జేబులో ఉంచుకున్నారు. వాద్యాన్ని బట్టి మైకును, చోటును బట్టి దూరాన్ని నిర్ణయించే విద్యను వారికి ఎవరూ నేర్పలేదు; చెవి చెప్పగా చేయి నేర్చుకున్నది. నాదస్వరం ధ్వని అణసు అనే చివరి గరాటులో నుంచే కాక వేళ్ళ కింది రంధ్రాల నుంచి కూడా వెలువడుతుందని గ్రహించి, మైకును ముందు కాకుండా పక్కన, విద్వాంసుడి మోచేతి ఎత్తున నిలబెట్టేవారు. చింతామణిలో డోలు రెండు ముఖాలకు రెండు వేరు మైకులు పెట్టారు. బాగేపల్లి బండల మీద శబ్దం తిరిగి వచ్చి వాద్యాన్ని తరుముతుంటే, ఊళ్ళో నుంచి దుప్పట్లు అడిగి తెచ్చి బండపై పరచారు. 2003లో రికార్డిస్టుగా, 2014లో ప్రధాన రికార్డిస్టుగా వారికి లభించిన పదోన్నతులు ఆలస్యంగా వచ్చినవే. ఆ ఆలస్యాన్ని గురించి వారు మాట్లాడగా నేను వినలేదు.

వారి పద్ధతిలో ఒక విశేషం మొదటి నుంచీ వివాదాస్పదంగా ఉండేది. ఎక్కడ రికార్డు చేసినా ఒక మైకు వాద్యానికి జానెడు దూరంలోనూ, రెండవది పది పదిహేను అడుగుల అవతలా పెట్టి, రెండింటినీ వేర్వేరు ట్రాకుల్లో ఎక్కించేవారు. టేపు వృథా అని తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఆక్షేపిస్తే, వారు వినయంగానే సమాధానం చెప్పారు.

"ఊర్లో ఎవురూ తప్పెటకు చెవి ఆనించి ఇనరు సార్. వాకిట్లో నిలబడుకొని ఇంటారు. నేనూ ఒక మైకును వాకిట్లో నిలబెట్టినా."

నేను ఆ అధికారి పక్షాన ఉన్నవాడిని. హెడ్‌ఫోను పెట్టుకుని ఒంటరిగా పనిచేసే మనిషికి క్రమంగా ఒక అలవాటు పడుతుంది: వాద్యం మినహా వినిపించేదంతా తనను ఎవరో భుజం తట్టి పిలుస్తున్నట్టు ఉంటుంది. దగ్గర మైకు నాకు వాద్యాన్ని మాత్రమే ఇచ్చేది. దూరపు మైకు దగ్గులను, గాజుల చప్పుడును, మేక అరుపును కూడా మోసుకొచ్చేది. నా పట్టికలో వాటన్నిటికీ ఒకే గడి ఉంది: లోపాలు. నిరుడు నవంబరులో పాత నిల్వ యంత్రాన్ని మార్చవలసి వచ్చి, కొత్తదానిలో చోటు చాలదని, ఏవి తీసివేయవచ్చో తెలపమని నన్ను అడిగారు. దూరపు మైకు ధ్వనులు ఆరువందల పదకొండింటినీ మే నెలాఖరులో చెరిపివేయవచ్చునని సిఫారసు రాశాను. ఫైలు వెంకటరామప్ప గారి అభిప్రాయానికి వెళ్ళింది. వారు "చూశాను" అని మాత్రం రాసి సంతకం చేశారు. ఎదురుమాటను భరించలేని మనసు ఎదుటివారి మౌనాన్ని అంగీకారంగా చదువుకుంటుంది. నేనూ అలాగే చదువుకున్నాను.

ఈ సంవత్సరం మార్చిలో మంచేనహళ్ళి నుంచి పాపన్న గారు, వారి భార్య తిమ్మక్క గారు మన కార్యాలయానికి వచ్చారు. పాపన్న గారు తంబూరి మీటుతూ తత్వాలు పాడేవారు. ఇప్పుడు వేళ్ళు వంగడం లేదు. 2006 ఫిబ్రవరిలో వెంకటరామప్ప గారు వారిని వారి పట్టుపురుగుల ఇంట్లోనే రికార్డు చేశారు, ఎందుకంటే మేత వేళ పురుగులను విడిచి రానని పాపన్న గారు అన్నారట. ఆ తంబూరిని వినాలని దంపతులు అంతదూరం వచ్చారు. నేను దగ్గర మైకు ధ్వనిని పెట్టాను. ఇద్దరూ మర్యాదగా విన్నారు.

"బాగుండాది," అన్నారు తిమ్మక్క గారు. "అయితే ఇది మా ఇల్లేనా?"

"ఆ రెండోది పెట్టు కిశోరప్పా," అన్నారు తలుపు దగ్గర నిలబడిన వెంకటరామప్ప గారు.

అది వాన చప్పుడుతో పాడైందని చెప్పాను. పట్టికలో నేను రాసింది అదే. అయినా పెట్టాను. దూరంగా తంబూరి, దాని చుట్టూ సన్నగా, ఎడతెగకుండా కురుస్తున్న శబ్దం. తిమ్మక్క గారు నా వైపు జాలిగా చూశారు.

"మాఘంలో వాన యాడిదప్పా? పురుగులు ఆకు తింటాండాయి. నాలుగో జరం లేసి, అదే నాలుగోసారి పొర ఇడిచి, అయిదో దినం మేత ఇది. గూళ్ళు కట్టను చంద్రిక తట్టలకు ఎక్కే ముందర అట్లే తింటాయి."

పాపన్న గారు చెయ్యెత్తి, తంబూరిని ఇంకా తగ్గించడానికి వీలవుతుందా అని అడిగారు. తన పాటను తగ్గించమని అడిగిన కళాకారుణ్ణి నేను అంతకు ముందు చూడలేదు.

"నలభై ఏండ్లు నా మాట ఇన్లేదు ఈయప్ప," అన్నారు తిమ్మక్క గారు. "పురుగుల మాట ఎట్ల ఇంటాండాడో సూడండి."

"అవి నన్ను తిట్లేదు గదా," అన్నారు పాపన్న గారు కళ్ళు తెరవకుండానే.

బోరులో నీళ్ళు అడుగంటి వారు మల్బరీ తోట పీకించి ఆరేళ్ళయిందని తరువాత తెలిసింది. తత్వం ముగిసిన తరువాత కూడా వెంకటరామప్ప గారు ఆనాడు యంత్రాన్ని ఆపలేదు. మరో నాలుగు నిమిషాలు పురుగులు తింటూనే ఉన్నాయి. ఆ నాలుగు నిమిషాలూ దంపతులిద్దరూ కదలలేదు.

వారు వెళ్ళిన తరువాత, పందొమ్మిదేళ్ళు నా తప్పును ఎందుకు దిద్దలేదని వెంకటరామప్ప గారిని అడిగాను. "రాసేది నీ పని, పెట్టేది నా పని అప్పా. ఎప్పుడో ఒక దినం నువ్వే ఇంటావనుకొంటి," అన్నారు. ఆరువందల పదకొండింటి సంగతి అడిగాను. మైకు తీగను చుట్టచుట్టుకుంటూ, "సంతకం పెట్టినా గదా," అన్నారు. ఆ గొంతులో కోపం లేదు. అది ఉంటే బాగుండేదని నాకు అనిపించింది. ముప్పై మూడేళ్ళ శ్రమలో సగాన్ని చెరిపివేయడానికి అనుమతించిన మనిషి, ఆ తీగలో మెలిక పడకుండా ఎంతో శ్రద్ధగా చుడుతున్నారు.

పట్టుపురుగుల ఇల్లు నాకు తెలియనిది కాదు. మా అమ్మ చంద్రికలు కడుగుతుంటే పక్కన ఆడుకున్నవాణ్ణి. ఆ మేత చప్పుడులోనే నిద్రపోయినవాణ్ణి. తెలిసిన శబ్దాన్ని నా చెవి ఎలా గుర్తుపట్టలేకపోయిందని ఈ రెండు నెలలూ నన్ను నేను ప్రశ్నించుకున్నాను. మరచిపోవడం కంటె, గుర్తుకు రాకూడదని మనసు ఏర్పాటు చేసుకోవడమే ఎక్కువగా జరిగిందేమో. సిఫారసును మార్చుకుంటే ఒక్క పురుగుల ఇంటితో విషయం ముగియదు. ఇరవై నాలుగేళ్ళుగా నేను "లోపాలు" గడిలో పడవేసినదంతా తిరిగి వినవలసి వస్తుంది. నన్ను ఇన్నాళ్ళు ఆపింది ఆ భయమే. వారిని అభినందిస్తూ వ్యాసం రాస్తూ, వారి పనిని చెరిపే కాగితాన్ని అలాగే ఉంచడం మాత్రం సాధ్యం కాదని రాయడం మొదలుపెట్టాకే అర్థమైంది.

శ్రీ వెంకటరామప్ప గారు కెంచార్లహళ్ళిలో తమ శ్రీమతి గారితో, కుమార్తె నయనతో ఆరోగ్యంగా, నిండు వినికిడితో నూరేళ్ళు జీవించాలని, మోయవలసిన యంత్రం లేకుండా బస్సు ఎక్కి తాము రికార్డు చేసిన ఊళ్ళన్నిటికీ అతిథిగా వెళ్ళి రావాలని, మన కార్యాలయం తరఫున మనసారా కోరుకుంటున్నాను. ఇంతవరకు రాసి, పక్కనున్న ఫైలును ముందుకు లాక్కుని, "చూశాను" అన్న వారి సంతకం కింద, నా సిఫారసును ఉపసంహరించుకుంటున్నానని, ఆరువందల పదకొండు ధ్వనులనూ భద్రపరచవలెనని రాసి, సంతకం చేసి, తీసుకెళ్ళి అర్పిత గారి బల్ల మీద పెట్టాను.