ఎలీయాజరుగారి పెద్ద ఆంప్లిఫైయరు

ఎంతన్నావ్? రెండొందల వాట్లా? మీ ముందుగదికా? కూర్చో బాబూ, కొనేముందు పెంటపాడు ఎలీయాజరుగారి సంగతి విను. నువ్వెరగవులే, ఆయన పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళ చర్చిలో హార్మోనియం ఆయనదే. క్వయర్‌కి శ్రుతి ఇచ్చేదీ, ఎవరి గొంతు ఏ వరసలో నిలబెట్టాలో చెప్పేదీ ఆయనే. కొల్లేటి లంకల్లో ప్రార్థన కూటాలు పెడితే మైకుసెట్టు కూడా ఆయనే చూసుకునేవారు. అక్కడ ఎన్ని వాట్లుంటే అంత మంచిది మరి, పాట నీళ్ళు దాటి అవతలి లంకకి వినపడాలిగా. ఆ లంకల్లో చేపల పులుసు పెట్టేవాళ్ళనుకో... సర్లే, నేను తిన్లేదు, ఆయన చెబితే విన్నాను.

ఏవిటి చెబుతున్నానూ, ఆఁ, రెండువేల మూడో, నాలుగో. ఇంట్లో ఆయనకి మంచి స్పీకర్ల జత ఉండేది. నాకు చర్చితో పనిలేదు గానీ పాటంటే పిచ్చి కదా, ఆదివారం ఆరాధన అయ్యాక మా ఊరు గూడెం నుంచి పెంటపాడు వెళ్ళేవాణ్ణి. నలుగురం చేరి వినేవాళ్ళం. ఓరోజు, "ఏవండీ శ్రీరామచంద్రగారూ, పాటలో కళ తగ్గిందండీ, ఆంప్లిఫైయరుకి పవరు చాలట్లేదు" అన్నారు. "ఇంట్లో వినేదానికి రెండు మూడు వాట్లు కూడా ఖర్చవవండీ. పెద్దది పెడితే గట్టిగా అరుస్తుందేమో గానీ కళెక్కణ్ణుంచొస్తుంది?" అన్నాను. వింటేనా! "లంకల్లో నేను చూళ్ళేదా" అంటూ ఏలూరెళ్ళి మూడింతలది తెచ్చారు.

ఆ ఆదివారం పెట్టారు. మాకు ఎప్పట్లాగే ఉంది. ఆయనకీ అలాగే ఉన్నట్టుంది, మొహం చిన్నబోయింది. వాల్యూము తిప్పారు. ఇంకా తిప్పారు. టప్పుమంది. స్పీకర్లో సన్నటి శబ్దాలు పలికే చిన్న ముక్క ఉంటుందే, ట్వీటరు, అది కాలిపోయింది, రెండింట్లోనూ. తాళాల గలగల లేదు, 'స'లూ 'ష'లూ లేవు, పాట దుప్పటి ముసుగేసుకున్నట్టయింది. మేం ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకున్నాం. ఆయనేమో కళ్ళు మూసుకుని, "ఇప్పుడు నిండుగా ఉందండీ, చెప్పానా!" అన్నారు.

అప్పుడర్థమైంది. తగ్గింది పవరు కాదు, ఆయన చెవి. ఆ సన్న శబ్దాలు ఆయనకెప్పట్నించో వినపడట్లేదు. చెవి పోయిందంటే హార్మోనియం దగ్గర కూర్చునే యోగమూ పోయినట్టే, అది తప్ప ఆయనకి మరో లోకం లేదు. ఏదో అనబోతుంటే వాళ్ళావిడ సుగుణమ్మగారు వద్దన్నట్టు నాకేసి తలూపి, "చాలా బాగుందండీ" అన్నారు ఆయనతో.

పై ఆదివారం హార్మోనియం క్వయర్‌లో పాడే కుర్రాడు విజయ్ కుమార్‌కి అప్పజెప్పేసి వెనక బెంచీలో కూర్చున్నారట. సంగతి తెలిసి వెళ్ళాను. "ఎవరన్నా ఏమన్నా అన్నారాండీ?" అని అడిగాను. "లేదండీ. ఇన్నేళ్ళ కాపరంలో నేనేం వాయించినా, ఏం వినిపించినా మా సుగుణ ఎక్కడో ఓ వంక పెట్టేదండీ. మొన్న ఒక్క వంకా పెట్టలేదు" అన్నారు.

ఊఁ.

ఆ కిటికీ రెక్క వెయ్యి బాబూ, ఎండ మొహాన కొడుతోంది.