పిల్లి కొనుక్కున్న గంట

జపాన్ ఉత్తరాన హొక్కాయిడోలోని టోకాచి మైదానం. రేపో మాపో మంచు పడబోతున్న రోజుల్లో ఒక ఉదయం. ట్రాఫిక్ పోలీసుగా పనిచేసి ఆ వసంతంలోనే రిటైరైన మునెకాత, తన చిన్న తెల్ల కారు స్టీరింగు కింద తల దూర్చి, కాళ్ళు బయటపెట్టి పడుకుని ఉన్నాడు. పక్కింటి లారీ డ్రైవరు సకుమా ఆ కాళ్ళతోనే మాట్లాడుతున్నాడు.

"...ఇంకోసారి చెప్పండి సారూ. నాకు సరిగ్గా వినపడలేదు."

"వినపడింది. బాగానే వినపడింది సకుమా. మళ్ళీ నా నోటితో అనిపించాలని నీకు సరదా."

"అవును. అనండి."

"రాడార్ డిటెక్టర్. ముందు దారిలో పోలీసులు రాడార్ పెట్టుకుని కూర్చుంటే ఇది కూసి చెబుతుంది. చాలా? కడుపు నిండిందా?"

"అబ్బ! ఇంకొక్కసారి."

"నోరు మూసుకుని ఆ టార్చి ఇటు కొట్టు."

"పిల్లి మెడలో గంట ఎవరు కడతారా అని ఎలుకలన్నీ తలలు పట్టుక్కూర్చుంటే, పిల్లే బజారుకెళ్ళి గంట కొనుక్కొచ్చిందట!"

"కట్టుకోవడం చేతకాక పక్కింటి ఎలుకని పిలిచింది. అదీ కలుపుకో. ఊరంతా చెప్పేటప్పుడు ఏదీ వదిలిపెట్టకు."

"ఎలుకంటే నేనేగా? నిజమేలెండి. బీట్ దుంపల లోడుతో పోతున్నవాణ్ణి గడ్డి చుట్టల వెనక నక్కి పట్టుకున్నారు. మర్చిపోతానా?"

"నక్కడమేంటి, అది డ్యూటీ! అసలు నేను నిన్ను పట్టుకునే లోపే నన్ను దోమలు పట్టుకున్నాయి. నీకు చలానా రాస్తూ రెండో చేత్తో తొడ గోక్కుంటూనే ఉన్నా. నువ్వు నా టోపీ చూసి భయపడి ఆ సంగతి గమనించలేదు. టోపీ గొప్పదనం అది. ఇప్పుడు టోపీ లేదు. గోక్కుంటే అందరికీ కనిపిస్తుంది."

"ఆ ఎర్ర తీగ ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడో పెట్టా."

"ఎక్కడో అంటే?"

"సందు కనిపించింది, దూర్చాను."

"అయ్యో! అది ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజు సారూ. కారు తాళం తీసేసినా ఇది నడుస్తూనే ఉంటుంది. బ్యాటరీ చచ్చూరుకుంటుంది. తాళం తిప్పితేనే కరెంటొచ్చే ఫ్యూజు కావాలి. పక్కది. అది కాదు. దాని పక్కది."

"ఇదా?"

"అది వైపర్లది."

"నేను ముప్ఫై ఏళ్ళకి పైగా రాడార్‌తోనే బతికానయ్యా. మీట నొక్కడం, అంకె చూడటం, చెయ్యెత్తి బండి ఆపడం. తీగలూ గీగలూ కుర్రాళ్ళు చూసుకునేవాళ్ళు. నేను పక్కన ఘనంగా నిలబడేవాణ్ణి. నిలబడటంలో నన్ను మించినవాడు జిల్లాలో లేడు."

"నల్ల తీగో?"

"బోల్టుకి చుట్టాను."

"ఆ బోల్టుకి రంగు వేసుంది. రంగు మీద చుడితే ఎర్తింగు అందదు. ఇనుము కనపడేదాకా గీకండి."

"గీకుతున్నా... అబ్బా!"

"ఏమైంది?"

"ఏం లేదు. కారుని గీకబోయి నన్ను గీక్కున్నా. కారు బాగానే ఉంది."

"సారూ, ఒక్క మాట. తప్పుగా అనుకోకండి. మిమ్మల్ని పట్టుకున్నారా?"

"ఎవరు?"

"మీవాళ్ళే."

"నన్నా? ఛ!"

"అదే నాకూ అర్థం కావట్లేదు. అరవైలో పోవచ్చని రాసిన రోడ్డు మీద మీరు నలభైలో పోతారు. మొన్న మిమ్మల్ని ట్రాక్టరు దాటిపోయింది. దాని వెనక బంగాళదుంపల తొట్టి కూడా ఉంది."

"ట్రాక్టరువాడు తొందరలో ఉన్నాడు."

"పోతూ పోతూ మీకు తల వంచి దండం కూడా పెట్టాడు."

"కారుతో పాటు నేనూ చచ్చాననుకున్నాడేమో."

"మరి ఇదెందుకు?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా..."

"మా ఆవిడ కోసం."

"అమ్మగారికి డ్రైవింగే రాదు!"

"రాదు... ఇప్పటికైతే రాదు."

"సారూ."

"ఇదిగో, ఈ తొడుగు సందులో తీగ దూరట్లేదు. నువ్వు దూర్చు."

"నేను దూరుస్తా, మీరు మాట మార్చకండి."

"ఎవరు మార్చారు? ఆవిడే నన్ను కాసేపు ఎటైనా పొమ్మంటోంది. మొన్న సూపర్ మార్కెట్లో తోపుడుబళ్ళతో వచ్చే ముసలమ్మల్ని ఎడమ పక్కన పొమ్మన్నానట. అనడమే కాదు, చెయ్యెత్తి ఒకావిణ్ణి ఆపేశాను కూడా. పాపం, ఆవిడ ఆగింది. ఆగి, బ్యాగులో లైసెన్సు వెతుక్కోవడం మొదలెట్టింది."

"హహ్హ! తర్వాత?"

"తర్వాతేముంది, వదిలేశాను. మొదటి తప్పు కదా అని. మా ఆవిడ మాత్రం నన్ను వదల్లేదు. టోఫు, ముల్లంగి నా చేతిలో పెట్టి, ఇకమీదట నాతో బజారుకి రావద్దంది."

"ఇంట్లో ఏం చేస్తుంటారు మరి?"

"కిటికీ దగ్గర కూర్చుంటా. నీ లారీ మలుపు తిరిగే స్పీడు చూస్తుంటా."

"ఎంతలో తిరుగుతుంది?"

"చెప్పను. ఉద్యోగం పోయిందిగా."

"సరే, తాళం తిప్పండి. ఆగండాగండి! ఎక్కడ అంటిస్తున్నారు? అద్దానికా?"

"అద్దానికి అంటిస్తే నేరం. నాకు చెబుతున్నావా? కింద, డ్యాష్‌బోర్డు మీద, కుడి మూలకి. ముందు గుడ్డతో జిడ్డు తుడిచాను కూడా. ఈ ఒక్కటీ నాకు తెలుసు. తిప్పుతున్నా... వెలిగింది! సకుమా, వెలిగిందయ్యా!"

"ఏదో మాట్లాడుతోంది కూడా. ఏమంటోంది?"

"జాగ్రత్తగా నడపమంటోంది. నేను ఇన్నేళ్ళూ గొంతు చించుకుని చెప్పిన మాటే. ఈవిడ గొంతు తియ్యగా ఉంది గనక జనం కొనుక్కుని మరీ వింటున్నారు."

"దీన్ని ఊళ్ళో నడిపేవాళ్ళకి తగ్గట్టు పెడతానుండండి. లేకపోతే ప్రతి దుకాణం ముందూ కూస్తుంది. వాటంతటవే తెరుచుకునే తలుపులకీ ఇలాంటి రాడారే ఉంటుంది."

"వద్దు. కూయనీ. బాగా దూరంనుంచే పట్టేలా పెట్టు. ఎంత దూరం వీలైతే అంత."

"నలభైలో పోయే మీకు దూరమెందుకు సారూ? బ్రేకు వెయ్యడానికా? మీరు బ్రేకు వేస్తే కారు వెనక్కి నడుస్తుంది."

"బ్రేకు కోసం కాదు."

"మరి?"

"బండి వెనక్కి తిప్పుకోవాలి."

"రాడార్ చూసి పారిపోతారా? మీరు?"

"పారిపోవడం కాదయ్యా... దుకాణానికి. ఊరు దాటాక దారిలో ఒక్క దుకాణమూ లేదు. ముందే తెలిస్తే వెనక్కెళ్ళి, వేడి కాఫీ డబ్బాలు తెచ్చి, చల్లారకముందే ఇవ్వచ్చు."

"ఎవరికి?"

"ఇంకెవరికి? ఈ చలిలో రాడార్ పెట్టుకుని కూర్చునేవాళ్ళకి. ఇచ్చి, కాసేపు పక్కన నిలబడి వచ్చేస్తా. మాట్లాడక్కర్లేదు. నిలబడటం నాకు వచ్చని చెప్పాగా."

"అంతోటిదానికి... స్టేషనుకెళ్ళి కూర్చోవచ్చుగా సారూ?"

"వెళ్ళాను. అతిథులకిచ్చే కప్పులో టీ ఇచ్చారు. పైన మూత కూడా పెట్టారు."

"పోనీ, ఫోన్ చేసి 'ఇవాళ ఎక్కడున్నార్రా' అని అడగండి! మీ చేతికింద పెరిగిన పిల్లలేగా, చెప్పరా?"

"అడిగాను. చెప్పరట. రిటైరైనవాళ్ళకి ఆ చోటు చెప్పకూడదని స్టేషన్ గోడ మీద ఆర్డరుంది. అది రాసింది నేనే."