ఓదార్పు బటన్

మా టీ కొట్టు బల్ల మీద కోతలు కోసేవాళ్ళకు కొదవ లేదు. నేనూ తక్కువవాణ్ణేం కాదు, బట్టలు కుట్టేవాణ్ణి, "రేపు ఇచ్చేస్తా" అని పొద్దస్తమానం కోస్తూనే ఉంటాను. కానీ ఎదురుగా కొత్తగా లేచిన బిల్డింగుకు లిఫ్టు బిగించడానికొచ్చిన ఆ మెకానిక్కు ముందు మేమందరం బడిపిల్లలం. వచ్చిన మొదటిరోజే బల్ల నడిమధ్య కాళ్ళు బారజాపి కూర్చున్నాడు.

కొట్టు నడిపేది అక్క. వెనక తొట్టి దగ్గర గ్లాసులు కడిగే ముసలాయన్ని మేం కునుకు అంటాం. ఇదివరకు ఆయన ఒక బిల్డింగుకు వాచ్‌మన్. ఒక సెలవురోజు మధ్యాహ్నం అక్కడ లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. మూడో అంతస్తు పెద్దాయన ఒకాయన అందులో ఇరుక్కున్నాడు, అసలే ఆయాసం మనిషి, లోపలే ప్రాణం వదిలాడు. తలుపు తీసేసరికి ఆయన బొటనవేలు అలారం బెల్లు మీదే ఉందట. "బెల్లు మోగలేదు బాబూ" అని ఈయన మొత్తుకున్నాడు. పోలీసులొచ్చి నొక్కితే గణగణా మోగింది. ఇంకేముంది, నిద్రపోయాడన్నారు, ఉద్యోగం పీకేశారు. కునుకు అన్న పేరు మాత్రం మేం పెట్టిందే. టీ కావాలన్నా, గ్లాసు కావాలన్నా "కునుకూ, మెలకువేనా?" అని కేకేస్తాం. ఆయన మాట్లాడకుండా గ్లాసు తెచ్చి పెడతాడు.

"మొదట్లో నేనూ మామూలు మనిషినేనండీ," అని ఎత్తుకున్నాడు మెకానిక్కు. "ఒక బ్యాంకు మేనేజరు లిఫ్టులో ఇరుక్కున్నాడు. కంపెనీ ఇంజినీర్లు దిగారు, గీతల కాగితాలు నేల మీద పరిచి, చెవుల్లో పెన్నులు పెట్టుకుని ఒకటే ఆలోచన. నేను మెల్లగా వెళ్ళి, తప్పుకోండి బాబూ అని, తలుపు మీద ఇలా అరచేత్తో ఒక్కటిచ్చాను. తెరుచుకుంది! మేనేజరు వచ్చి నా కాళ్ళ మీద పడ్డాడు."

"కాళ్ళ మీదా?" అన్నాడు పక్క ఆసుపత్రి కాంపౌండరు.

"పడ్డాడంటే పడ్డాడు, మధ్యలో అడ్డం రాకు. సరే, లిఫ్టులో తలుపు మూసే బటన్ ఉంటుంది చూశారూ, దాని వెనక చాలా చోట్ల వైరే ఉండదు. తలుపు దాని టైముకు అది మూసుకుంటుంది. జనం మాత్రం టకటకా నొక్కుతారు, మూసుకోగానే తామే మూశామని సంబరపడతారు. దాన్ని మా వాళ్ళు ఏమంటారో తెలుసా? ఓదార్పు బటన్!"

నవ్వాం. మరి నవ్వు రాదూ?

"నవ్వకండి, మీ అందరి దగ్గరా ఉంది ఆ బటన్. ఈ టైలరన్న 'రేపు' అంటాడు, గుడ్డ ఇంకా కత్తెర మొహం చూసి ఉండదు. ఆఫీసుకు వెళ్తే 'మీ అర్జీ పైకి పంపాం' అంటారు, అది బల్ల కాలు ఊగకుండా కింద పెట్టి ఉంటుంది. కాంపౌండరూ, నీ సంగతి చెప్పనా? లోపల మనిషి పోతాడు, మొహం మీద దుప్పటి కప్పేసి ఉంటారు. బయట పెళ్ళాం పిల్లలతో 'డాక్టరుగారు ఇంకా ప్రయత్నిస్తున్నారమ్మా' అంటారు. అవునా, కాదా?"

కాంపౌండరు గ్లాసులోకి చూస్తూ, "అందరం అలా అనం," అన్నాడు.

"అదీ మరి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పదిహేనంతస్తుల ఆఫీసు, లిఫ్టు నిండా జనం, తాడు పుటుక్కున తెగింది. నేను పైన మోటారు గదిలో ఉన్నాను, ఒక చేతిలో టీ, ఇంకో చేతిలో స్పానరు. తాడేమో సర్రున జారిపోతోంది. ఏం చేయాలి? పళ్ళతో పట్టుకున్నాను."

"టీ పారబోసి చేత్తో పట్టుకోవచ్చుగా?" అంది అక్క.

"వేడి టీ పారబోస్తారా ఎవరైనా? పళ్ళతోనే పట్టుకుని ఒక్కో అంతస్తులో ఆపుతూ, దిగేవాళ్ళను దింపుతూ, ఎక్కేవాళ్ళను ఎక్కించుకుంటూ నేలకు చేర్చాను. ఒకావిడ 'ఈ రోజు లిఫ్టు ఎంత మెత్తగా దిగిందో' అనుకుంటూ వెళ్ళిపోయింది. అదేముందిలెండి, ఇంకోసారి మోటారు తిరగబడి లిఫ్టు పైకే పోయింది! డాబా దాటింది, నీళ్ళ ట్యాంకు దాటింది, గద్దలు పక్కకు తప్పుకున్నాయి. నేను నడిరోడ్డు మీద నిలబడి 'ఏయ్, దిగవే!' అని ఒక్క కేక పెట్టాను. సిగ్గుపడి దిగింది. అద్దాలకు మబ్బుల తడి అలాగే ఉంది, కావాలంటే చూసినవాళ్ళున్నారు."

మేం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నాం. అప్పటికి కునుకు కడిగిన గ్లాసులు పట్టుకుని వచ్చి మెకానిక్కు వెనకాలే నిలబడ్డాడు. గ్లాసులు కింద పెట్టలేదు. పెట్టడం మరిచిపోయాడనుకున్నాను.

కాంపౌండరు ఆయన వైపు చూసి మాకు కన్నుగీటి, "మరి అలారం బెల్లు మాటేమిటి? అదీ ఓదార్పు బటనేనా?" అన్నాడు.

"అసలు గుట్టంతా అక్కడే ఉందిగా! పిల్లలు ఊరికే నొక్కి ఆడుకుంటారు, బిల్డింగులో అందరికీ నిద్ర చెడుతుంది. వాళ్ళ సంఘం ప్రెసిడెంటు వచ్చి మా చెవిలో 'ఆ గోల ఆపవయ్యా' అంటాడు. మేం ఒక వైరు లాగేస్తాం. బటన్ వెలుగుతుంది కానీ మోగదు. లోపలివాడికి ధైర్యం, బయటివాడికి నిద్ర. తనిఖీకి ఎవరైనా వస్తే ఆ పూటకు తగిలిస్తాం. ఆ తగిలించడంలో నన్ను మించినవాడు పుట్టలేదు. ఒకచోట పోలీసులు మెట్లెక్కి వస్తున్నారు. నేను లిఫ్టు పైకప్పు మీద బోర్లా పడుకుని ఉన్నాను. కింద శవం, పైన నేను. వాళ్ళ బూటు చివరి మెట్టు మీద పడేలోపు, కళ్ళు మూసుకుని, ఎడమచేత్తో తగిలించేశాను! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇనస్పెక్టరు నొక్కాడు. అబ్బ, ఏం మోత! గూట్లో పావురాలు టపటపా రాలాయి. మూడు వీధుల అవతల పుట్టుచెవిటివాడు 'ఎవరది?' అన్నాడు. ఆ శవం కూడా లేచి కూర్చోబోయింది, నేనే పైనుంచి 'పడుకోండి సార్, మీకు కాదు' అన్నాను!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. అక్క టీ వడపోస్తున్నది వడపోస్తున్నట్టే ఆపేసింది.

"అంతకుముందు మోగలేదా బాబూ?" అని వెనక నుంచి మెల్లగా అడిగాడు కునుకు.

ఊపులో ఉన్నవాడు వెనక్కి కూడా తిరగలేదు. "ఎలా మోగుతుందయ్యా, వైరు ముక్క నా జేబులో ఉంటేనూ! కింద ఒక వాచ్‌మన్, 'మోగలేదు బాబూ, మోగలేదు' అని ఒకటే ఏడుపు. పాపం వాడు నిజమే చెప్తున్నాడు. వాడి మాట ఎవడు వింటాడు? బెల్లు మాట వింటారు గానీ!"

ఆ మాటన్నాక మా మొహాలు చూశాడు. ఎందుకలా ఉన్నామో అర్థం కాక వెనక్కి తిరిగాడు. టోపీ, యూనిఫారం లేని వాచ్‌మన్‌ను గుర్తుపట్టడానికి అతనికి కొంచెంసేపు పట్టింది.

"ఆ రోజు నీకు గేటు తీసింది నేనే," అన్నాడు ముసలాయన. "తొందరగా వెళ్ళు బాబూ, లోపల మనిషున్నాడు అన్నాను. నువ్వు సరేనన్నావు."

మెకానిక్కు ఇటూ అటూ చూసి నవ్వబోయాడు. "అరె, పెద్దాయనా, ఏదో సరదాకి... అన్నీ కోతలయ్యా! వీళ్ళను అడుగు. పళ్ళతో లిఫ్టు పట్టుకుంటారా ఎవరైనా?"

"పట్టుకున్నావు," అంది అక్క. "గద్దలూ తప్పుకున్నాయి, శవమూ లేచింది, అన్నీ నమ్మాం. కోతలని ఇప్పుడన్నావు చూడు, పొద్దుటి నుంచీ నువ్వు కోసిన కోత అదొక్కటే."

కాంపౌండరు లేచి దారికడ్డంగా నిలబడి, స్టేషనుకొచ్చి ఇదే మాట చెప్పమన్నాడు. "నేనేమన్నాను? ఎవరు విన్నారు?" అని అతన్ని తోసుకుని, సంచీ భుజాన వేసుకుని రోడ్డు దాటిపోయాడు మెకానిక్కు. ఎదుటి బిల్డింగు లిఫ్టు పని ఇంకా మిగిలే ఉంది మరి.

ముసలాయన గ్లాసులు బల్ల మీద పెట్టి, పక్కనే కూర్చున్నాడు. మా బల్ల మీద ఆయన కూర్చోవడం నేను చూడటం అదే మొదటిసారి.

"మా అమ్మాయి కూడా అడిగిందమ్మా," అన్నాడు అక్కతో. "ఒక్క క్షణమైనా కన్ను మూతపడలేదా నాన్నా అని. లేదన్నాను. అందరూ అలా అంటూంటే, పడిందేమోనని రానురానూ నాకే అనిపించింది. ఆ లిఫ్టులో పెద్దాయన్ను నేనే చంపుకున్నానని ఒప్పేసుకున్నాను. ఇప్పటికీ పగటిపూట గోడకు ఆనుకోవాలంటే భయం."

నాకు సిగ్గేసింది. ఏదైనా అందామంటే నోట్లోకి వస్తున్నది ఆ పాడు పేరొక్కటే.

అంతలో లారీ డ్రైవరొకడు బండి పక్కకు ఆపి దిగుతూ, మేం నేర్పిన కేకే పెట్టాడు. "కునుకూ, మెలకువేనా?"

అక్క అతని మీద అరవబోయింది. ముసలాయన చెయ్యెత్తి ఆపాడు.

"మెలకువే బాబూ," అన్నాడు. "ఆ రోజూ మెలకువే."